నాలుగో నంబరులో బిందె

మూడో నంబరులో ఉన్న కారు కిందికి చీపురు సగం వరకే పోతుంది. అందుకని గురవమ్మ ముందు చక్రం పక్కన ఒక మోకాలు నేలకు ఆనించి కూర్చుని, చీపురును అడ్డంగా తిప్పి, లోపలి దుమ్మును తన వైపుకు లాక్కుంది. దుమ్ముతో పాటు ఒక బిస్కెట్ల కాగితం, ఎండిపోయిన తులసి రెమ్మ, చిన్నపిల్ల చెప్పు ఒకటి వచ్చాయి. చెప్పును దులిపి స్తంభం మొదట్లో పెట్టింది. అది రెండో అంతస్తు పాపది. ఈ సెల్లారులో ఏ వస్తువు ఎవరిదో ఆమెకు తెలుసు. ఏ కారు నుంచి నూనె కారుతుందో, ఏ కారు కింద పిల్లి పడుకుంటుందో కూడా తెలుసు.

బయట తెల్లవారుతున్నా లోపల ఇంకా ట్యూబులైటు వెలుతురే. లిఫ్టు పక్కనున్న నాలుగో నంబరు జాగా ఖాళీగా ఉంది. రెండువందల మూడులో ఉండే అష్ఫాక్ నాలుగు గంటలకే కారు తీశాడు. రైలు దిగిన యాత్రికులను అలిపిరి దగ్గర వదిలి, రెండు మూడు ట్రిప్పులు తోలుకుని ఎనిమిదికల్లా వస్తాడు. అతను వెళ్లగానే గురవమ్మ తన ఆకుపచ్చ ప్లాస్టిక్ బిందెను ఆ జాగా మధ్యలో బోర్లించింది. రోజూ చేసే పనే. బిందె ఉందంటే ఆ జాగాకు మనిషి ఉన్నట్టు. నీళ్ల ట్యాంకరు కోసం వరుస కట్టే వీధుల్లో బతికిన వాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కరలేదు. వరుసలో బిందె పెట్టి, ఇంటికి పోయి పిల్లకు పాలిచ్చి వచ్చినా, ఆ బిందెను దాటి ఎవరూ ముందుకు జరగరు. అన్ని బిందెలూ ఒకే రంగువి గనుక ఎవరి గుర్తు వాళ్లు పెట్టుకుంటారు. ఆమె భర్త మునస్వామి స్క్రూడ్రైవరును పొయ్యిలో ఎర్రగా కాల్చి దీని అడుగున మూడు చుక్కలు పొడిచాడు. బోర్లిస్తే ఆ మూడు చుక్కలూ పైకి కనిపిస్తాయి.

ఇప్పుడు బిందె పక్కనే, నేల మీద, పసుపు రంగుతో కొత్తగా రాసిన పెద్ద అంకె కూడా ఉంది. మూడు రోజుల కిందట వచ్చి రాసిపోయారు.

హేమాద్రి అపార్టుమెంటులో ఇరవై నాలుగు ఇళ్లు, ఇరవై నాలుగు జాగాలు. కాగితం మీద ఎవరికి ఏది అన్నది ముందే ఉంది. కానీ చేరిన కొన్నాళ్లకే ఐదారు ఇళ్ల వాళ్లు వాస్తు చూపించుకుని, ఒకరికి కారు ముఖం దక్షిణానికి ఉండకూడదని, ఒకరికి అంకె నప్పలేదని, తమలో తాము జాగాలు మార్చుకున్నారు. అంతా నోటిమాటే. ఎవరూ రాసుకోలేదు. కింద మునస్వామి, గురవమ్మ ఉన్నారు గదా, వాళ్లకు తెలుసు గదా అనుకున్నారు. అన్నేళ్లూ అది నడిచింది. తగువులు వచ్చింది మాత్రం దర్శనానికి వచ్చే చుట్టాలతో. ప్రతి ఇంటికీ చెన్నై నుంచో బెంగళూరు నుంచో ఎవరో ఒకరు కారులో దిగుతారు. కారు ఎవరి జాగాలోనో పెట్టేసి కొండెక్కితే రెండు రోజులు దిగి రారు. పోయిన నెల ఇద్దరు కాలర్లు పట్టుకున్నారు. దాంతో అసోసియేషన్ వాళ్లు ఒక ప్రైవేటు ఏజెన్సీని పెట్టారు. ఈ రోజు నుంచి, ఏజెన్సీ దగ్గరున్న కాగితంలో ఏ జాగా ఎవరిదని ఉంటే ఆ బండే అక్కడ ఉండాలి. వేరే బండి కనిపిస్తే చక్రానికి తాళం. మార్చుకున్న వాళ్లు సాయంత్రం మీటింగులో ఇద్దరూ చెప్పి పుస్తకంలో రాయించుకోవాలి.

లిఫ్టు తలుపు తెరుచుకుంది. సెక్రటరీ జయచంద్ర స్నానం చేసి, తడి తలతో వచ్చాడు. అతనిది మూడువందల రెండు. ఆరేళ్ల కిందటి దాకా నాలుగో నంబరు అతనిదే, పదకొండు అష్ఫాక్ వాళ్లది. ఇప్పుడు అతని కారు ఉండేది ఆ చివర, పదకొండులో. నిన్న సాయంత్రమే దాన్ని తీసి బయట రోడ్డు మీద పెట్టుకున్నాడు. గురవమ్మ అది చూసింది. ఎందుకో కూడా అర్థమైంది. శుక్రవారం కొత్త కారు వస్తోంది. పెద్ద బండి. పదకొండు పక్కన స్తంభం ఉంది. పట్టదు.

"గురవమ్మా, సాయంత్రం ఐదుకు మీటింగు ఉండాది. నిన్నెవరన్నా అడిగితే నాకేం తెలీదు సార్ అను. అంతే."

"దేని గురించి సార్?"

"నీకు తెలుసులే." అతను తాళంచెవుల గుత్తిని వేలికి తిప్పుకుంటూ మెట్ల కింది గది వైపు చూశాడు. "నీ గదిలో గోడ పెచ్చులూడతాండాది గదా. ఈ నెల సిమెంటు పూయిస్తాలే."

ఆమె చీపురును ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. దాన్నే అతను ఒప్పుకోలుగా తీసుకుని ర్యాంపు ఎక్కి వెళ్లిపోయాడు.

అతను చెడ్డవాడైతే ఆమెకు ఇంత బరువు ఉండేది కాదు. మూడేళ్ల కిందట గేటు దగ్గర మడతమంచం మీద మునస్వామి పడుకున్నవాడు పడుకున్నట్టే పోయినప్పుడు, పైనుంచి ముందుగా దిగి వచ్చింది జయచంద్ర. వ్యాను మాట్లాడింది అతను. నగరి దాకా డ్రైవరు పక్కన కూర్చుని వచ్చి, మట్టి చేసేదాకా ఎండలో నిలబడి, తిరుగు బస్సులో ఒంటరిగా వచ్చాడు. తర్వాత మీటింగులో, ఆడమనిషి వాచ్‌మన్ పని ఏం చేస్తుందని నలుగురు అంటే, చేస్తుంది, నేను పూచీ అన్నదీ అతనే. ఆ మాట మీదే మెట్ల కింది గది ఆమెకు నిలిచింది. ఆ గది పోతే తిరుపతిలో ఆమెకు తల దాచుకునే చోటు లేదు.

నగరిలో మునస్వామి మరమగ్గాల మీద పని చేసేవాడు. ఇరవై ఏళ్ల మోత చెవులు తినేశాక మొగుడూ పెళ్లాలు తిరుపతి వచ్చి కూలికి చేరారు. ఈ సెల్లారు గోడల ఇటుకలు గురవమ్మ నెత్తిన మోసినవే. ఇల్లు కట్టడం అయిపోయాక మిగతా కూలీలు ఇంకో చోటికి వెళ్లారు. వీళ్లు కాపలాకు మిగిలిపోయారు.

ఎనిమిదికి అష్ఫాక్ వచ్చాడు. గురవమ్మ బిందె తీసింది. కారు లోపలికి వచ్చి నిలబడింది. కాసేపటికి అష్ఫాక్ భార్య తరన్నుమ్ మామ ఖలందర్‌ను చక్రాల కుర్చీలో లిఫ్టు నుంచి బయటికి తెచ్చింది. ఖలందర్ ఒకప్పుడు ఇనుప పెట్టెలు చేసేవాడు. బజారులో ఆయన దుకాణం ముందు నుంచి పోతే సుత్తి దెబ్బల చప్పుడుకు మాట వినిపించేది కాదు. ఆ చేతుల్లో ఎడమది ఇప్పుడు సూదులు గుచ్చీ గుచ్చీ ఉబ్బి, నరం తాడులాగా పైకి లేచి ఉంది. వారానికి మూడు రోజులు రక్తం శుభ్రం చేయించుకు రావాలి. వచ్చాక అడుగు తీసి అడుగు వేయలేడు. లిఫ్టు నుంచి నాలుగో నంబరుకు కుర్చీ ఐదు గజాలు దొర్లితే చాలు. పదకొండు నుంచి అయితే నీళ్ల కాలువ మీది ఇనుప జాలీ దాటాలి, స్తంభం చుట్టూ తిరగాలి, మూడు మెట్లు ఎక్కాలి. కుర్చీ ఎక్కదు. అష్ఫాక్ మోయాలి.

"గురవమ్మా, నా సింహాసనం జాగర్త," అన్నాడు ఖలందర్ కారులో కూర్చుంటూ. వెళ్లిన ప్రతిసారీ అనే మాటే.

"పోయిరా భాయ్. బిందెను కాపలా పెడతాండాను," అంది ఆమె. రోజూ చెప్పే జవాబే. ఈ రోజు ఆయన ముఖంలోకి చూడలేకపోయింది.

పదింటికి ఏజెన్సీ మనిషి వచ్చాడు. పేరు ఢిల్లీబాబు. సత్యవేడు దగ్గరి పల్లె. నలభై ఏళ్లుంటాయి. వేసుకున్న నీలం చొక్కా ఎవరో పెద్ద ఒళ్లున్న మనిషికి కుట్టినట్టు భుజాలు జారి ఉంది. గోనెసంచిలో నాలుగు ఇనుప తాళాలు తెచ్చాడు. ఒక్కొక్కటీ పసుపు రంగు పీతలాగా ఉంది. కాగితాలు చేతిలో పట్టుకుని ఒక్కో అంకె దగ్గర ఆగి చూసుకుంటూ వచ్చి, నాలుగు దగ్గర బిందెను కాలితో తోశాడు. అది దొర్లుకుంటూ పోయి లిఫ్టు గోడకు తగిలింది. మూతి ఒకవైపు చీలింది. అడుగున చుక్కలు అతని కంట పడినట్టున్నాయి. వంగి బిందెను రెండు చేతులతో తీసి గోడ పక్కన నిలబెట్టాడు.

"ఇది నీదాక్కా?"

"నాదే. ఆ జాగాకు మనుసులు ఉండారప్పా."

"తెలుసక్కా. మా ఊర్లోనూ బిందెలే. ఆ మనుసుల పేరు నా కాయితంలో ఈడ లేదు, నేనేం చేసేది."

అతను అటు తిరగగానే ఆమె బిందెను మళ్లీ మధ్యలో బోర్లించింది. అతను చూశాడు, చూడనట్టు వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి సంగటి చేసుకుంది. రెండు ముద్దలు తిని మూత పెట్టేసింది. ఒంటిగంటన్నరకు కారు వచ్చింది. ఖలందర్ కళ్లు మూసుకునే ఉన్నాడు. పెదవులు తెల్లగా పాలిపోయాయి. అష్ఫాక్ కారు నాలుగులో పెట్టి, తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టి పైకి తీసుకుపోయాడు. అతను తిరిగి వచ్చేలోపే ఢిల్లీబాబు ముందు చక్రానికి పీతను బిగించేశాడు. ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడు గురవమ్మ గదిలోకి వినిపించింది.

అష్ఫాక్ కిందికి వచ్చి మొదట నెమ్మదిగానే అడిగాడు. తీయప్పా, మాదే ఈ జాగా అన్నాడు. ఢిల్లీబాబు కాగితం చూపించాడు. రెండువందల మూడుకు ఉన్నది పదకొండు. జరిమానా కట్టి రసీదు తెస్తేనే తాళం తీసే హక్కు తనకు ఉందని, లేకపోతే తన ఉద్యోగం పోతుందని చెప్పాడు. అష్ఫాక్ గొంతు పెరిగింది. ఆరేండ్లుగా ఈడే పెడతాండామని, సెక్రటరీ తన నోటితోనే ఇచ్చినాడని, ఆయన్నే పిలవమని అన్నాడు. అప్పటికి జయచంద్ర లిఫ్టు దగ్గరికి వచ్చి నిలబడి ఉన్నాడు. అతను అరవలేదు. తాను ఎవరికీ ఏమీ ఇవ్వలేదని, మీ నాయనకు ఒంట్లో బాగాలేదని ఇన్నాళ్లూ చూసీచూడనట్టు పోయానని, రూలు వచ్చాక తనకైనా ఒకటే ఇంకొకరికైనా ఒకటే అని, అదిగో పదకొండు ఖాళీ చేసి పెట్టానని చెప్పాడు.

అష్ఫాక్ చుట్టూ చూశాడు. గది తలుపు దగ్గర నిలబడిన గురవమ్మ కనిపించింది.

"అవ్వా, నువ్వు చెప్పవ్వా. జాగాలు మార్చుకున్న పొద్దు నువ్వు ఈడే ఉండావు గదా."

అందరూ ఆమె వైపు తిరిగారు. జయచంద్ర ఆమెను కాకుండా ఆమె వెనకాల గోడను చూస్తున్నాడు, పెచ్చులూడిన చోట.

"నాకు పనుండాది నాయనా," అంది గురవమ్మ. గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది.

లోపల చేయడానికి పనేమీ లేదు. కడిగిన గిన్నెనే మళ్లీ కడిగింది. ఇనుప పెట్టె మీద కూర్చుంది. ఆ పెట్టె ఖలందర్ చేసిందే. మునస్వామి పోయిన ఏడాది, నీ బట్టలు అట్టపెట్టెలో ఎలుకలు కొడతాండాయంట గదా అని, దుకాణంలో చివరగా చేసిన పెట్టెను తెచ్చి ఇచ్చాడు. మూత లోపలివైపు ఒక పువ్వు చెక్కాడు. బయటికి కనిపించని చోట పువ్వెందుకు భాయ్ అని ఆమె నవ్వితే, మూత తీసేది నువ్వే గదా అన్నాడు.

నాలుగు దాటాక తలుపు మీద చప్పుడైంది. తరన్నుమ్ వచ్చింది. ముసుగు సర్దుకుంటూ, గడప బయటే నిలబడి, గుక్క తిప్పుకోకుండా చెప్పింది. మామకు పైన అంతా తెలిసిందట. అష్ఫాక్ మీటింగులో గురవమ్మ పేరు ఎత్తుతానంటే, ఎత్తితే నా మీద ఒట్టే అన్నాడట మామ.

"ఆమెకు ఆ గది ఒక్కటే ఉండాది, నన్ను పదకొండు నుంచే మోసుకోని రాండి, అన్నాడు పెద్దమ్మా. మా ఆయన నిన్ను అందరి ముందర నిలదీసినాడు గదా, దానికి ఏమీ అనుకోవద్దని చెప్పి రమ్మన్నాడు."

అంతే చెప్పి వెళ్లిపోయింది. గురవమ్మ తలుపు వేసుకోలేదు. అలాగే తెరిచి ఉంచి, కొళాయి దగ్గర ముఖం కడుక్కుని, జుట్టు ముడి గట్టిగా బిగించుకుంది.

మీటింగు సెల్లారులోనే. ప్లాస్టిక్ కుర్చీలు వేసింది గురవమ్మే. ఇరవై మంది దాకా వచ్చారు. ప్రెసిడెంటు యశోదమ్మ బడిలో పెద్ద టీచరుగా చేసి రిటైరైన మనిషి. పుస్తకం ముందు పెట్టుకుని ఒక్కో జాగాను పిలిచింది. రెండు, పదిహేడు. ఇద్దరూ మార్చుకున్నామన్నారు. రాసుకున్నారు. ఆరు, తొమ్మిది. రాసుకున్నారు. పదమూడు అచ్చిరాదని మార్చుకున్నాయన సిగ్గుపడుతూ చెబితే అందరూ నవ్వారు. నాలుగు, పదకొండు అనగానే ఆ నవ్వు ఆగిపోయింది. ఇంకా పసుపు పీత పట్టుకునే ఉన్న కారు వాళ్ల పక్కనే ఉంది. అష్ఫాక్ మార్చుకున్నామన్నాడు. జయచంద్ర లేదన్నాడు. ఏదైనా రాత ఉందా అని యశోదమ్మ అడిగింది. లేదన్నాడు అష్ఫాక్. చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగింది. అతను తల వంచుకున్నాడు. ఎవరి పేరూ చెప్పలేదు.

యశోదమ్మ కలం పట్టుకుంది. రాతలో లేనిది, ఇద్దరూ ఒప్పుకోనిది తాను రాయలేనంది.

"నేను చూసినానమ్మా," అంది గురవమ్మ.

ఆమె కుర్చీల వెనక, బిందె పక్కన నిలబడి ఉంది. మాట మెల్లగానే వచ్చింది గాని సెల్లారులో గోడలకు తగిలి అందరికీ వినిపించింది. జయచంద్ర తల తిప్పలేదు.

"సార్ వాళ్ల కారుకు దెబ్బ తగిలిన వారం అది. నాలుగు మంచిది కాదని వాస్తు ఆయన చెప్పినాడంట. పొద్దున్నే పదకొండులో టెంకాయ కొట్టినారు. కాయ కుళ్లిపోయుండె. పంకజాక్షమ్మ కండ్లనీళ్లు పెట్టుకునె. సార్ మా ఆయన్ని పంపిచ్చి ఇంకో కాయ తెప్పిచ్చినాడు. అది బాగా పగిలె. ఒక చిప్ప సాయిబుకు ఇచ్చినారు, ఒకటి మాకు ఇచ్చినారు. నీది నాకు, నాది నీకు అని సార్ సాయిబు చెయ్యి పట్టుకున్నాడు."

పంకజాక్షి జయచంద్ర భార్య. రెండో వరసలో కూర్చుని ఉంది. పైట అంచు చూసుకుంటూ ఉండిపోయింది.

"వయసైన మనిషి. ఎప్పటిదో ఏదో కలిపి చెప్తాండాది," అన్నాడు జయచంద్ర. కోపం లేదు గొంతులో. అలసట ఉంది.

గురవమ్మ మొదటిసారి అతనితోనే మాట్లాడింది.

"ఇదే బిందె సార్. నాలుగులో సాయిబుకు పెట్టినా. మీరు ఆఫీసుకు పోయినప్పుడు పదకొండులో మీకూ పెట్టినా. ఆరేండ్లు. మీరే దిగి, పక్కకు జరిపి, కారు పెట్టుకుంటా ఉంటిరి. ఒక్కనాడన్నా నాది కాదు ఇది, నాలుగు నాది అంటిరా?"

పైన ఎవరింట్లోనో కుక్కరు కూత వేసి ఆగింది. జయచంద్ర చాలాసేపు నేల మీది పసుపు అంకెను చూశాడు. తర్వాత లేచి, యశోదమ్మ ముందున్న పుస్తకాన్ని తన వైపు తిప్పుకుని, కలం తీసుకుని తానే రాశాడు. రెండువందల మూడు, నాలుగు. మూడువందల రెండు, పదకొండు. గుండ్రటి అక్షరాలు. సంతకం చేసి, గురవమ్మ వేలిముద్ర కూడా వేయించాడు. సాక్షి అని రాశాడు.

కూర్చున్నాక అదే గొంతుతో, తర్వాతి విషయం అన్నాడు. ఏజెన్సీ వాళ్లు కాపలా మనిషిని కూడా ఇస్తామంటున్నారని, జాగాలకూ గేటుకూ ఒక్కరే బాధ్యత అయితే తగువు ఉండదని, వచ్చే నెల నుంచి అలా చేద్దామని చెప్పాడు. గురవమ్మ కూడా పెద్దదైంది, నెలాఖరు దాకా గదిలో ఉండి మెల్లగా చూసుకుంటుంది. అభ్యంతరం ఎవరికైనా ఉందా అని అడిగాడు. ఇంతకుముందే జాగాలు రాయించుకున్న వాళ్లందరూ అక్కడే ఉన్నారు. ఒకాయన ఫోను చూసుకున్నాడు. యశోదమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. అష్ఫాక్ లేవబోతే గురవమ్మ వద్దని చెయ్యి ఊపింది. తండ్రికి ఇంకో జాగా మీద ఇంకో తగువు తెచ్చిపెట్టవద్దని ఆ చెయ్యి ఊపుకు అర్థం.

కుర్చీలు మడిచేటప్పుడు ఢిల్లీబాబు వచ్చి చక్రం నుంచి తాళం తీశాడు. సంచిలో వేసుకుని వెళ్లకుండా కాసేపు నిలబడ్డాడు.

"ఒకటో తేదీ నుంచి ఈ గేటుకాడ కూసునేది నేనేనంటక్కా. ఇప్పుడే ఫోను వచ్చె. నన్ను తిట్టుకోవద్దు."

"నిన్నెందుకు తిట్టుకుంటా అబ్బోడా. మూడో నంబరు కారు కింద చీపురు పోదు, వంగి ఊడ్వు," అంది గురవమ్మ.

నెలాఖరు దాకా ఉండమన్నారు గాని, రోజూ ర్యాంపు మీద జయచంద్ర ముఖం చూస్తూ అన్ని రోజులు ఉండలేననిపించింది ఆమెకు. అతనికి కూడా తన ముఖం చూడటం కష్టమే అనుకుంది. నగరిలో చెల్లెలు ఉంది. చిన్న ఇల్లు. వసారాలో పడుకోవచ్చు.

మరునాడు కూడా నాలుగుకే లేచింది. అష్ఫాక్ కారు తీస్తూ, ఎనిమిదికల్లా వస్తా, బస్టాండులో నేనే దించుతా అవ్వా అన్నాడు. ఆమె తల ఊపింది. అతను వెళ్లాక సెల్లారు మొత్తం ఊడ్చింది. మూడో నంబరు దగ్గర మోకాలు ఆనించింది. స్తంభం మొదట్లో చెప్పు లేదు, పాప వాళ్లు తీసుకున్నట్టున్నారు. గేటు ముందు నీళ్లు చల్లి ముగ్గు వేసింది. పెట్టెకు తాడు కట్టింది. గది తాళంచెవిని గుమ్మం పైన, జయచంద్రకు తెలిసిన చోటే పెట్టింది.

చివరగా బిందె దగ్గరికి వచ్చింది. చెల్లెలి వీధిలో రెండు రోజులకు ఒకసారి నీళ్లు వదులుతారు. బిందె లేకుండా పోతే మొదటి రోజే ఒకరిని అడగాలి. మూతి చీలినా పైదాకా నింపకపోతే పనికి వస్తుంది. చంకకు ఎత్తుకుని ర్యాంపు సగం దాకా ఎక్కింది. గేటు అవతల, రోడ్డు మీద, ఎవరో రాత్రి ప్రయాణం చేసి వచ్చిన కారు ఆగి ఉంది. తమిళనాడు బండి. లోపల అందరూ నిద్రపోతున్నారు. డ్రైవరు అద్దం దించి, ఈడ లోపల ఖాళీ ఉండాదా అమ్మా అని అడిగాడు.

పుస్తకంలో రాశారు, నిజమే. పుస్తకం యశోదమ్మ అలమరలో ఉంటుంది.

లేదు నాయనా, అన్నీ మనుసులుండే జాగాలే అని చెప్పి, గురవమ్మ వెనక్కి దిగింది. కాసేపటికి వట్టి చెయ్యి ఊపుకుంటూ పైకి వచ్చి, గేటు దగ్గర పెట్టిన పెట్టెను నెత్తికి ఎత్తుకుని బస్టాండు వైపు నడిచింది.

ట్యూబులైటు కింద, లిఫ్టు పక్కన, నాలుగో నంబరు నడిమధ్యన ఆకుపచ్చ బిందె బోర్లించి ఉంది, కాలిన మూడు చుక్కలు పైకి కనిపిస్తూ.